కెమెరా కబుర్లు: గోపురం మీద పగులు కూడా ఫొటోలో ఉండాల

ఈ నెల మీ దగ్గర్నుంచి వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీలు అన్నీ ముందరేసుకుని కూర్చుంటే సగానికి పైగా ఒకటే గోడు, ఏఐ బొమ్మలు. లెన్సు ఏది కొనాలి, ట్రైపాడ్ ఏది మంచిది అని అడిగినోళ్ళు ఏమనుకోవద్దు, మీకు వచ్చే నెల తప్పకుండా చెప్తా. ఈసారి మొత్తం ఈ గోడుకే.

ప్రశ్న: అన్నా, మాది చంద్రగిరి. నాలుగేళ్ళుగా తలకోన జలపాతం ఫొటోలు తీస్తా ఉండా. తెల్లారకముందే బండేసుకుని భాకరాపేట ఘాట్ దాటుకుని పోయి, గంటలు గంటలు తడి బండల మీద నిలబడి తీసేది. మొన్న ఎవరో ఏఐతో చేసిన తలకోన బొమ్మ ఇన్‌స్టాలో పెడితే దానికి వేలకు వేలు లైకులు, నా ఫొటోకి డెబ్భై. దానికన్నా బాధ ఏందంటే ఒక రిసార్టు వాళ్ళు నా ఫొటో గోడకి పెట్టుకుంటామని నెల రోజులు తిప్పుకుని ఆఖరికి ఆ ఏఐ బొమ్మనే పెద్దగా ప్రింట్ ఏయించి రిసెప్షన్‌లో తగిలించినారు. కెమెరా అమ్మేద్దామా అనిపిస్తా ఉంది. ఏం చేయమంటావు?

జవాబు: అమ్మొద్దు తమ్ముడూ. నువ్వు పంపిన రెండు బొమ్మలూ, నీదీ ఆ ఏఐదీ, పక్కపక్కన పెట్టుకుని రెండు రోజులు చూసినా, అందుకే నీకు రొంత పొడుగ్గానే చెప్తా.

ఏఐ బొమ్మలో నీళ్ళు మూడు మెట్లుగా దూకుతా ఉన్నాయి, కింద మడుగు స్విమ్మింగ్ పూల్ మాదిరి నీలంగా మెరుస్తా ఉంది, చుట్టూ కొబ్బరిచెట్లు, ఒడ్డునే రంగురంగుల గోపురం. తలకోన ఒక్కసారి పోయొచ్చినోడికి ఎవరికైనా తెలిసిపోతుంది, జలపాతం కాడ కొబ్బరితోపు యాడుంది, సిద్ధేశ్వరస్వామి గుడి దాటి అడవిలో నడిచిపోతే గానీ నీళ్ళు కనపడవు కదా. ఇంక నీ ఫొటో. 270 అడుగుల పైనుంచి పడే నీళ్ళు సగం దారిలో గాలికి పక్కకి వంగి పిండి చల్లినట్టు అయిపోయినాయి, కింద ఎడమ మూలన తడి బండ మీద ఒక కోతి నీళ్ళు తాగతా ఉంది, దాని పక్కన ఎవరో వదిలేసిన రబ్బరు చెప్పు. ఆ చెప్పుని నువ్వు తీసెయ్యలేదు చూడు, అందుకే నాకు నీ ఫొటో నచ్చింది. ఆ పొద్దు అక్కడికి మనుషులు వచ్చినారు, పోయినారు, తర్వాత కోతి వచ్చింది, ఇంత కథ ఆ మూలలో ఉంది.

ఏఐ అట్లా ఎందుకు గీసిందో కూడా తెలుసుకో, తెలిస్తే నీకు సగం భయం పోతుంది. ఈ మోడళ్ళకి కోట్ల కోట్ల ఫొటోలు, వాటి కింద రాసిన మాటలు కలిపి చూపించి నేర్పిస్తారు. ఆ రాశిలో బాలి జలపాతాలు, ఐస్‌లాండ్ జలపాతాలు లెక్కలేనన్ని ఉంటాయి, తలకోన అని పేరుతో ఉండేవి ఏ మూలనో పిడికెడు. నువ్వు తలకోన అని అడిగితే అది జలపాతం అనే మాటకి ఎక్కువగా ఏది అతుకుతుందో దాన్నే గీస్తుంది, గుడి అని కలిపితే తమిళనాడు గోపురం ఒకటి తెచ్చి పెడుతుంది. అంటే దానికి తలకోన తెలియదు. నీకు తెలుసు.

అందం పోటీలో దిగితే మాత్రం ఓడిపోతాం, ఇది దాచిపెట్టి నీకు ధైర్యం చెప్పడం నాకిష్టం లేదు. బంగారు వెలుగు, పొగమంచు, అద్దం లాంటి నీళ్ళు, ఇవన్నీ అది అర నిమిషంలో ఇస్తుంది, డబ్బులు కూడా అడగదు, ఆ రిసార్టు వాళ్ళు దాన్ని పెట్టుకున్నదానికి సగం కారణం అదే. కాబట్టి పోటీ ఇంకో చోట పెట్టు. నీ పేజీలో ప్రతి ఫొటో కింద తేదీ, టైము, నీళ్ళు ఎంత ఉన్నాయి అనేది రాయి. మనకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా, నవంబరు తలకోన వేరు, ఎండాకాలం సన్నటి ధారగా జారే తలకోన వేరు, ఒకే బండ మీద నిలబడి పన్నెండు నెలలు పన్నెండు ఫొటోలు తీసి వరసగా పెట్టు. నాలుగు నెలలు పోతే జనాలు లైకు కోసం కాకుండా "అన్నా, ఇప్పుడు నీళ్ళు ఉండాయా, పిల్లల్ని తీసుకుని రావచ్చా" అని నిన్ను అడగడానికి వస్తారు. అట్లా అడిగేవాళ్ళు వందమంది ఉంటే అదే నీ పేజీకి బలం. ఆ రిసార్టుకి కూడా నవంబరుదీ ఏప్రిల్‌దీ రెండు ప్రింట్లు తీసుకుని మళ్ళా పో, ఈసారి రేటు కాయితం మీద రాసి ఇయ్యి, నోటిమాట మీద నెల రోజులు తిరగొద్దు.

ఇంకో మాట. ఏఐకి అస్సలు తెలియని సంగతులు మన తిరుపతిలోనే ఎన్ని ఉన్నాయో చూడు. మే నెల గంగమ్మ జాతర తీసుకో. బైరాగి వేషానికి ఒంటికి నామంకొమ్ము, అంటే తెల్ల సుద్ద, పూస్తారు, బండ వేషానికి కుంకం, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి గంధం, ఏ రోజు ఏ వేషమో ఇక్కడి పిల్లోడికి కూడా తెలుసు. నేను పనిగట్టుకుని తాతయ్యగుంట గంగమ్మ జాతర అని ఏఐని నాలుగుసార్లు అడిగినా, నాలుగుసార్లూ ఏదో కేరళ తెయ్యం లాంటిది, చుట్టూ దీపాలు, ఇట్లాంటివే వచ్చినాయి. బొగ్గు పూసుకుని వేపమండలు కట్టుకున్న పిల్లోడు ఎండకి చెమట పట్టి, ఆ చెమట బొగ్గు మీద గీతలు గీతలుగా కారతా, వాళ్ళమ్మ పక్కన నిలబడి మజ్జిగ తాగిస్తా ఉంటే అది నీ కెమెరాకే దొరుకుతుంది. ఆ తల్లిని అడిగి తియ్యి, తీసినాక ఆ ఫొటో వాళ్ళకి పంపు.

పోటీలంటే గుర్తొచ్చింది. 2024లో మైల్స్ ఆస్ట్రే అనే ఫొటోగ్రాఫర్ 1839 అవార్డ్స్ అనే పోటీలో ఏఐ బొమ్మల విభాగానికి నిజమైన ఫొటో ఒకటి పంపినాడు. అరూబా దీవిలో తీసిన ఫ్లెమింగో, తల లోపలికి వంచి పొట్ట గీక్కుంటా ఉంటే అసలు తలే లేనట్టు కనపడుతుంది. జడ్జీలు మూడో బహుమతి ఇచ్చినారు, జనం ఓట్లలో కూడా అదే గెలిచింది. తర్వాత ఆయనే ఇది అసలు ఫొటో అని చెప్పేసరికి తీసేసినారు, తీసెయ్యడం న్యాయమేనని ఆయనే అన్నాడు. మన పులికాట్ సరస్సుకి చలికాలం ఫ్లెమింగోలు వస్తాయి కదా, సూళ్ళూరుపేట ఇప్పుడు మన జిల్లానే, పోయి ఒకరోజు కూర్చో. ఏఐ వాటిని నిలువెల్లా గులాబీ రంగులో గీస్తుంది, మన దగ్గరికొచ్చేవి తెల్లగానే ఉంటాయి, రెక్క విప్పితే అప్పుడు లోపల ఆ ఎర్రెర్రటి గులాబీ కనపడుతుంది. ఆ రెక్క విప్పే క్షణం కోసమే కూర్చునేది.

ప్రశ్న: నేను తిరుపతిలో రిటైరైన టీచర్ని. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో అలిపిరి మెట్ల మీద చిరుత పడుకున్న ఫొటో వచ్చింది. నేను నమ్మి మా అక్కకి పంపించాను, ఆమె మొక్కు ఉన్నా కూడా భయపడి నడక మానుకుంది. తర్వాత అది ఏఐ బొమ్మ అన్నారు. చాలా బాధపడ్డాను. ఇట్లాంటివి ఎలా గుర్తుపట్టాలి?

జవాబు: అమ్మా, మీరు నమ్మడంలో తప్పేం లేదు. శేషాచలంలో చిరుతలు ఉన్న మాట నిజం, 2023 ఆగస్టులో ఆ దారిలోనే ఒక చిన్నపాప ప్రాణం పోయింది, ఆ తర్వాత బోన్లు పెట్టినారు, భక్తుల చేతికి కర్రలు ఇచ్చినారు, ఊరంతా ఎంత భయపడిందో మనకి తెలుసు. ఆ భయం మీదే ఇట్లాంటి బొమ్మలు బతుకుతాయి, అందుకే నాకు వీటి మీద కోపం జాస్తి.

మీరు పంపింది జూమ్ చేసి చూసినా. మెట్లు చూడండమ్మా, కడిగిన పాలరాయి మాదిరి శుభ్రంగా ఉన్నాయి. మన అలిపిరి దారిలో 3,550 మెట్లు, మెట్ల పూజ చేసే ఆడోళ్ళు ఒక్కో మెట్టుకీ వంగి పసుపు కుంకుమ పెట్టుకుంటా పోతారు, ఆ పసుపు మీద జనం కాళ్ళు పడి పడి మెట్టు అంచులు మరకలు కట్టి ఉంటాయి, కర్పూరం వెలిగించిన నల్ల మచ్చలు ఉంటాయి. ఆ బొమ్మలో ఒక్క మరక లేదు. దారికి పైకప్పు కూడా లేదు, మన దారి చాలామటుకు కప్పు కిందనే కదా పోతుంది. వెనకాల బోర్డు మీద తెలుగు అక్షరాల్లాంటివి ఉన్నాయి గానీ చదివితే ఒక్క మాట రాదు. అక్షరాలు, వేళ్ళు చూసి పట్టుకోవడం మాత్రం రాను రాను కష్టమవుతా ఉంది, కొత్తవి బాగానే రాస్తా ఉన్నాయి. ఊరి సంగతులు చూసి పట్టుకోవడమే మీకు సులువు, మీరు ఎన్నిసార్లు ఎక్కింటారు ఆ మెట్లు.

ఫోన్లో గూగుల్ లెన్స్‌లో ఆ బొమ్మ పెట్టి వెతికితే అదే బొమ్మ ఇంకో ఊరి పేరుతో కూడా తిరుగుతా ఉంటే బయటపడుతుంది. గూగుల్ వాళ్ళ ఏఐతో చేసినవాటిలో సింథ్‌ఐడీ అని కంటికి కనపడని గుర్తు ఉంటుంది, జెమినీ యాప్‌లో బొమ్మ పెట్టి అడిగితే చెప్తుంది, కానీ ఆ గుర్తు అన్ని ఏఐ బొమ్మల్లోనూ ఉండదు, గుర్తు లేదంటే నిజమైన ఫొటో అని అనుకోవద్దు. అన్నిటికన్నా ముందు గ్రూపులో ఒక్క ప్రశ్న అడగండి, ఎవరు తీసినారు, ఎప్పుడు, దారిలో వచ్చే గాలిగోపురానికి ఇవతలా అవతలా అని. నిజంగా తీసినోడు గబుక్కున చెప్తాడు. ఫార్వర్డ్ చేసినోడు ఎవరో పంపినారు అంటాడు.

శ్రీవారి గుడి లోపల తీసినా అని వచ్చేవాటి గురించి కూడా ఇంకో ఇద్దరు అడిగినారు. లోపలికి ఫోన్లు, కెమెరాలు తీసుకుపోనివ్వరు, మొన్న దర్శనంలో తీసిన ఫొటో అని ఎవరైనా పంపితే ఇంక పరిశీలన అక్కర్లేదు. మీ అక్కయ్యని మాత్రం మీరే వెంటబెట్టుకుని పోండమ్మా, మొక్కు అట్లా ఉండిపోకూడదు.

ప్రశ్న: డిగ్రీ సెకండియర్. కాలేజీ ఫొటో పోటీకి చంద్రగిరి కోట రాజమహల్ ఫొటో తీశాను సార్, అడ్డంగా కరెంటు వైరు వచ్చింది. ఫోన్లో ఏఐ ఎరేజర్‌తో తీసేశా. ఇది ఏఐ ఫొటో అవుతుందా?

జవాబు: పోటీ రూల్స్‌లో ఏముందో అదే లెక్క, లేకపోతే పెట్టేవాళ్ళని అడుగు, అడిగి తీసేసినట్టు రాసి పంపు. వైరు పోయిన చోట ఏఐ కొత్త గోడ గీసి పెడుతుంది, అక్కడ ఉన్న సున్నపు పెచ్చు కాదు అది, జూమ్ చేసి చూడు. నేనైతే నాలుగడుగులు పక్కకి జరిగి మళ్ళా తీస్తా. 2023లో బోరిస్ ఎల్డాగ్సెన్ అనే జర్మన్ ఆయనకి సోనీ వరల్డ్ ఫొటోగ్రఫీ అవార్డుల్లో ఒక బహుమతి వస్తే, అది ఏఐ బొమ్మ, నాకొద్దు అని వేదిక మీదే వదిలేసుకున్నాడు. పోటీలోళ్ళు నిన్ను కూడా అసలు ఫైలు అడగొచ్చు. కాబట్టి ఫోన్లో రా (RAW) ఫార్మాట్, అంటే ఫోను మెరుగులు దిద్దకుండా దాచే అసలు ఫైలు, ఉంటే ఆన్ చేసి పెట్టుకో, ఎడిట్ చేసిన కాపీ వేరే, అసలుది వేరే దాచుకో. వాట్సాప్‌లో మామూలుగా పంపితే తేదీ వివరాలన్నీ పోతాయి, డాక్యుమెంట్‌గా పంపు.

ప్రశ్న: తిరుపతిలో చిన్న ట్రావెల్స్ నడుపుతా ఉండాము. లోకల్ ట్రిప్ ప్యాకేజీ పాంప్లెట్‌కి శిలాతోరణం, తలకోన, కైలాసకోన ఏఐ ఫొటోలు పెడితే అదిరిపోయినాయి. పెట్టుకోవచ్చా? ఫొటోగ్రాఫర్‌కి ఇచ్చే డబ్బులు మిగులుతాయి కదా.

జవాబు: పెట్టొద్దన్నా. మీరు పంపిన శిలాతోరణం బొమ్మలో తోరణం కింద బస్సు పోయేంత ఎత్తుంది. అసలుది సుమారు 3 మీటర్ల ఎత్తు, 8 మీటర్ల వెడల్పు, కంచె ఇవతల నిలబడి చూసేది. లోకంలో అరుదుగా దొరికే రాతి తోరణం మనకి కొండమీద ఉంటే, దాన్ని చూడటానికి వచ్చినాయన మీ పాంప్లెట్ వల్ల "ఇంతేనా" అని మొహం చిన్నబుచ్చుకుని పోతాడు. ఆ ఇంతేనా అనే మాట వింటే నాకు కడుపు తరుక్కుపోతుంది, ఆ రాయి చేసిన తప్పేముంది.

పోయిన ఎండాకాలం నేను తలకోనలో ఉన్నప్పుడు వరంగల్ వైపు నుంచి ఒక కుటుంబం వచ్చింది, ఇద్దరు ఆడపిల్లలు, కొత్త గౌన్లు, ఫోన్లో ఎవరో పంపిన ఏఐ జలపాతం చూసుకుని వచ్చినారు. పైన బండ మీద నీళ్ళు వేలెడంత ధారగా ఉన్నాయి. చిన్నమ్మాయి వాళ్ళ నాన్న ఫోను లాక్కుని, ఆ బొమ్మనీ కొండనీ మార్చి మార్చి చూసి, "నాన్నా ఇది కాదు, ఇంకోటి ఉంది" అంటా ఏడుపు. డ్రైవరు పాపం తల వంచుకుని నిలబడినాడు, బొమ్మ పంపింది ఆయన కాదు, తిట్లు మాత్రం ఆయనకి. రేపు అక్కడ నిలబడేది మీ డ్రైవరే కదా.

చట్టం సంగతి కూడా ఉంది. లేనిది ఉన్నట్టు చూపించే ప్రకటన 2019 వినియోగదారుల చట్టం కిందకి వస్తుంది. కాబట్టి పాంప్లెట్ అంచుల డిజైనుకీ, అక్షరాలకీ ఏఐ వాడుకోండి, నాకేం అభ్యంతరం లేదు, ఊరి ఫొటో మాత్రం ఊరిదే ఉండాల. పైన చంద్రగిరి తమ్ముడు రాసింది చదివినారు కదా, అట్లాంటి పిల్లోళ్ళు ఇక్కడే ఉన్నారు, ఒక్కసారి డబ్బులిచ్చి పది ఫొటోలు కొనుక్కుంటే నాలుగేళ్ళు వస్తాయి, ఎన్నేళ్ళు వాడుకుంటారో, ఎక్కడెక్కడ వేసుకుంటారో కాయితం రాసుకోండి. ఇంకోటి, ఎవరో తీసిన ఫొటోని ఏఐలో పెట్టి రంగులు మార్చి మనదే అనుకుంటే కుదరదు, 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, 2012 సవరణ తర్వాత, ఫొటో తీసినాయన బతికున్నన్నాళ్ళూ, ఆయన పోయినాక ఇంకో 60 ఏళ్ళూ హక్కు ఉంటుంది.

ప్రశ్న: మాది శ్రీకాళహస్తి. మా నాయన ముప్పై ఏళ్ళు స్టూడియో నడిపి పోయిన సంవత్సరం కాలం చేసినారు. అట్టపెట్టెల నిండా నెగటివ్‌లు, ప్రింట్లు ఉన్నాయి, పాత రాజగోపురం ఫొటోలే చాలా ఉన్నాయి. మా అబ్బాయి ఏమో "ఇవన్నీ మసకబారిపోయినాయి, ఏఐలో పెడితే కొత్తవాటి మాదిరి వస్తాయి, ఆ పెట్టెలు పారేద్దాం" అంటాడు. ఒకటి చేసి కూడా చూపించినాడు, నిజంగానే బాగుంది. ఏం చేయమంటారు?

జవాబు: అన్నా, ఒక్క పెట్టె కూడా పారేయొద్దు. మీ ఉత్తరం చదివినాక ఆ పొద్దంతా నాకు వేరే పని జరగలేదు.

మీరు పంపిన రెండూ చూసినా. నాయన తీసిన ప్రింట్‌లో గోపురం మీద పైనుంచి కిందికి ఒక పగులు, మర్రివేరు మాదిరి, మధ్యలో రెండుగా చీలి పోతా ఉంది. మీ అబ్బాయి ఏఐలో పెట్టి తెచ్చిన దాంట్లో ఆ పగులు లేదు. శుభ్రంగా పూడ్చేసింది. మసకబారిన ఫొటోలో గీత కనపడితే ఏఐ అది ప్రింట్ మీద పడ్డ గీత అనుకుంటుంది, గోపురం మీది పగులు అని దానికెట్లా తెలుస్తుంది. కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన ఆ గోపురం 2010 మే 26న కూలిపోయింది, పగుళ్ళు పెద్దవి అవుతా ఉన్నాయని జనాన్ని ముందే దూరంగా పంపినారు కాబట్టి ప్రాణాలు దక్కినాయి. అంటే ఆ ఫొటోలో అన్నిటికన్నా విలువైంది ఆ పగులే. అది ఏ సంవత్సరానికి ఎంత వెడల్పుంది, ఏ అంతస్తు దగ్గర మొదలైంది అనేది మీ నాయన పెట్టెల్లో వరసగా ఉండొచ్చు. 2017లో ప్రారంభమైన కొత్త గోపురాన్ని ఇప్పుడు ఎవరైనా పోయి తీసుకోవచ్చు, పాతదాన్ని మాత్రం ఇంక ఎవరూ తియ్యలేరు కదా, ఉన్న ఫొటోలే దాని ఒళ్ళు.

ఇంకోటి గమనించినారా, ఆ ప్రింట్‌లో గోపురం కింద పూలకొట్టు దగ్గర ఒక ముసలామె కూర్చోని ఉంది, మొహం సగం నీడలో. ఏఐ చేసిన దాంట్లో ఆమెకి పూర్తి మొహం వచ్చింది, ముడతల్లేని మొహం. అది ఎవరి మొహం? ఆమె మనవలు ఇప్పటికీ మీ ఊళ్ళోనే ఉండి ఉంటారు, వాళ్ళకి ఆ బొమ్మ చూపిస్తే మా అవ్వ కాదంటారు, నాయన తీసింది చూపిస్తే నీడలో ఉన్నా గుర్తుపడతారు.

మీ అబ్బాయి మీద కోప్పడొద్దు, వాళ్ళ తాత ఫొటోలు బాగుండాలనే కదా చేసినాడు. పని అతనికే అప్పజెప్పండి. నెగటివ్‌లని అంచులు పట్టుకోవాల, వేలు మధ్యలో పెట్టకూడదు, తడిబట్టతో తుడవకూడదు, దుమ్ము ఉంటే బ్లోయర్‌తో ఊదాల. పెట్టె తెరవంగానే వెనిగర్ లాంటి పుల్లటి వాసన కొడితే ఆ ఫిల్ము చెడిపోవడం మొదలైనట్టు, వాటిని మిగతావాటితో కలపకుండా వేరే పెట్టి ముందు వాటినే స్కాన్ చేయించాల. 35 ఎంఎం నెగటివ్‌లకి 3200 డీపీఐ (స్కానరు అంగుళానికి ఎన్ని చుక్కలు తీస్తుందనే లెక్క), ప్రింట్లకి 600, నాణ్యత తగ్గకుండా దాచే టిఫ్ ఫార్మాట్‌లో. ప్రింట్ వెనకాల నాయన రాసింది ఏమైనా ఉంటే దాన్ని కూడా స్కాన్ చెయ్యాల. మీరు కొత్తగా రాసేది పెన్సిల్‌తో మెల్లగా రాయండి, పెన్ను ఇంకు ముందువైపుకి దిగుతుంది. రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టి ఒకటి చుట్టాలింట్లో ఉంచండి. అన్నీ అయినాక ఇంట్లో గోడకి పెట్టుకోవడానికి ఏఐతో ఒకటి చేసుకుంటానంటే చేసుకోనీండి, దాని వెనకాల ఇది ఏఐతో మార్చింది అని రాసి పెట్టమనండి చాలు.

కవర్ల మీద నాయన తేదీలు రాసే అలవాటు ఉండేదని రాసినారు కదా. 2010 ఏప్రిల్, మే అని ఉన్న కవర్లు ఉన్నాయేమో ఈ ఆదివారమే వెతకండి. ఉంటే నాకు ఒక మెసేజ్ పెట్టండి, నా స్కానరు తీసుకుని నేనే వస్తా.